అత్తయ్య మోకాళ్లు, మూడు నగరాల మెట్లు

మా అత్తయ్య పెట్టిన షరతు ఒక్కటే. ఊరికీ ఊరికీ మధ్య రైలెక్కుదాం, ఊళ్లో దిగాక మాత్రం కారు మాటెత్తకూడదు. బస్సు, మెట్రో, పడవ, లోకల్ రైలు, మరీ తప్పదంటే షేర్ ఆటో. "కారులో కూర్చుంటే బెంగళూరైనా బెజవాడైనా ఒకటే కదమ్మా, కనబడేది ముందు బండి నంబరు ప్లేటే" అన్నారు.

ఆవిడ లెక్కల టీచరుగా రిటైరయ్యారు. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, ఆపరేషన్ అంటే వినరు. విజయవాడకు మెట్రో రాబోతోందని, మొదటి దశలో రెండు దారులు కలిపి 38 కిలోమీటర్ల పైన వేస్తారని పేపర్లో చదివినప్పటి నుంచీ, ఇప్పటికే మెట్రో ఉన్న ఊళ్లు చూసొద్దామని పట్టు. బెంగళూరులో మా ఆడపడుచు ఉంది, చెన్నైలో ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు ఉన్నారు. మధ్యలో కొచ్చిని నేను ఇరికించాను, అక్కడి కరెంటు పడవలు చూడాలని. మా ఆయన సెలవు దొరకలేదన్నాడు. దొరికినా కారు షరతు దగ్గరే ఆగిపోయేవాడు. సంక్రాంతి రద్దీ తగ్గాక ఇద్దరమే బయల్దేరాం. తిరిగొచ్చి వారం కూడా కాలేదు, మర్చిపోకముందే రాసేస్తున్నాను.

గురువారం, బెంగళూరు: మెజెస్టిక్

రైల్వే స్టేషన్లోంచి బయటికొచ్చి రోడ్డు దాటితే మెజెస్టిక్. రైళ్లు, సిటీ బస్సులు, బయటి ఊళ్ల బస్సులు, రెండు మెట్రో లైన్లు కలిసే స్టేషన్, అన్నీ ఒకదాని పక్కన ఒకటి. మ్యాపులో చూస్తే ముచ్చటేస్తుంది. కష్టమంతా ఆ "రోడ్డు దాటితే" దగ్గరే. సబ్‌వేలోకి మెట్లు దిగాలి, అవతల మెట్లెక్కాలి. మెట్లు దిగటం ఎక్కడం కన్నా కష్టమని మోకాళ్ల నొప్పులున్న వాళ్లకే తెలుస్తుంది. అత్తయ్య రెయిలింగు పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి దిగుతుంటే వెనక సూట్‌కేసుల వాళ్లు ఆగిపోయారు. ఎవరూ విసుక్కోలేదు గానీ ఆవిడకే టెన్షన్. పూలమ్మే ఆవిడ ఒకరు మా మాటలు విని తెలుగులోనే, "అమ్మా, దిగొద్దు. ఆ మెట్రో గేటు కాడ లిఫ్టుంది, అట్నుంచి పో" అంది. బోర్డు ఏదీ చెప్పని సంగతి అది.

టిఫిన్‌కి ఒక దర్శినిలో ఆగాం. బెంగళూరులో దర్శినులంటే నిలబడి తినే హోటళ్లు. తట్టె ఇడ్లీ, వడ, మధ్యలో ఖారాబాత్, ఇద్దరికీ కలిపి నూట యాభై లోపే అయింది. సాంబారు తియ్యగా ఉందని అత్తయ్య మొహం ముడిచారు, చట్నీతో సరిపెట్టుకున్నారు. కూర్చునే చోటు లేదు. కౌంటర్లో అబ్బాయి చూసి, లోపల్నుంచి పాల క్రేటు ఒకటి తెచ్చి బోర్లించి "కూతుకొళ్ళి అజ్జి" అన్నాడు. క్రేటు మీద కూర్చుని ఆవిడ బై టూ కాఫీ తాగారు. సగం కప్పు కాఫీ అమ్మే ఊరు మర్యాద తెలిసిన ఊరేనట.

అక్కణ్ణుంచి ఆడపడుచు ఇంటికి సిటీ బస్సు. కర్ణాటకలో శక్తి పథకం 2023 జూన్‌లో మొదలైంది, ఏసీ లేని ప్రభుత్వ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం. మన దగ్గర స్త్రీ శక్తి 2025 ఆగస్టు 15న వచ్చింది కాబట్టి అత్తయ్య జీరో టికెట్టులో ఆరితేరారు. దర్జాగా ఆధార్ కార్డు తీసి చూపించారు. కండక్టరు కార్డు తిరగేసి చూసి నవ్వాడు. "అమ్మా, అడ్రస్ ఆంధ్రాది. మా గవర్నమెంటు మీకెందుకు కడుతుంది చెప్పండి?" శుభ్రమైన అనంతపురం తెలుగు. టికెట్ కొన్నాం. ముందు సీట్లన్నీ ఆడవాళ్లవే, అందులో సగానికి పైగా పనికి పోయేవాళ్లు, బ్యాగుల్లోంచి టిఫిన్ డబ్బాలు కనబడుతున్నాయి.

ఆ బస్సులో కూర్చుని నేను లెక్కలు చెబుతుంటే అత్తయ్య శ్రద్ధగా విన్నారు. బెంగళూరు మెట్రో 2011 అక్టోబరులో బయ్యప్పనహళ్లి, ఎంజీ రోడ్డు మధ్య చిన్న ముక్కగా మొదలైంది. ఇప్పుడు రోజుకు పది లక్షల దరిదాపుల్లో ఎక్కుతున్నారు. సిటీ బస్సులెక్కేది నలభై లక్షల పైనే. "అంటే అయిదో వంతు మందికి మెట్రో, మిగిలిన వాళ్లకి ఈ బస్సు. మరి పేపర్లో అయిదు వంతులూ మెట్రో గురించే రాస్తారేమిటి?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. బస్సుకి రిబ్బను కట్ చేస్తే ఫొటో అంత బాగా రాదేమో.

శుక్రవారం, బెంగళూరు: పసుపు రైలు

పొద్దున్నే వదినతో పాటు ఆఫీసు టైముకి బయల్దేరాం. ఆవిడ ఉద్యోగం ఎలక్ట్రానిక్ సిటీలో. ఎల్లో లైన్ 2025 ఆగస్టులో మొదలైంది, ఆర్వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్లు, 16 స్టేషన్లు. మొదలైనప్పుడు ఉన్నవి మూడే రైళ్లు, 25 నిమిషాలకొకటి. అప్పట్లో ఒక రైలు తప్పిందంటే ఆఫీసులో మీటింగ్ తప్పినట్టేనని వదిన అంది. ఇప్పుడు రైళ్లు పెరిగాయి. మాకు ప్లాట్‌ఫాం మీద కాళ్లు పీకేంత సేపు నిలబడాల్సిన పని పడలేదు. డ్రైవరు లేకుండా నడిచే ఏర్పాటున్న రైళ్లివి. ముందు పెట్టెలో మాత్రం మనిషి ఉన్నాడు.

రాగిగుడ్డ దాటాక కిటికీలోంచి చూస్తే, మనం వెళ్లే వంతెన కిందే ఇంకో వంతెన, దాని కింద రోడ్డు. ఒకే స్తంభాల మీద కింద ఫ్లైఓవరు, పైన మెట్రో. జయదేవ ఆసుపత్రి కూడలి దగ్గరైతే మరీ విచిత్రం. అండర్‌పాస్, దాని మీద రోడ్డు, రోడ్డు మీద ఫ్లైఓవరు, ఆపైన ఎల్లో లైన్, అన్నింటికన్నా పైన రాబోయే పింక్ లైన్. ఐదంతస్తుల ట్రాఫిక్. అత్తయ్య అద్దానికి ముక్కు ఆనించి చూశారు. "కట్టినవాళ్లు గొప్పవాళ్లే. ఇంత ఎత్తున దించితే కిందికి ఎలా పోవాలో కూడా ఆలోచించి ఉంటారుగా?" ఆలోచించారు, లిఫ్టులున్నాయి. ఆ సంగతి చెబితే గానీ ఆవిడ మనసు కుదుటపడలేదు.

సిల్క్‌బోర్డు కూడలి వచ్చింది. కింద బండ్లు ఎప్పటిలాగే కదలకుండా ఉన్నాయి. "నా ఉద్యోగంలో సగం ఆ సిగ్నల్ దగ్గరే చేశాను" అంది వదిన. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇదే హోసూరు రోడ్డు మీద 2010లో ఎలక్ట్రానిక్ సిటీ దాకా పది కిలోమీటర్ల ఎత్తు రోడ్డు కట్టారు, టోల్ పెట్టి మరీ. అప్పుడూ ఇక కష్టాలు తీరాయనే అన్నారు. కొన్నేళ్లలో పైనా నిండింది, కిందా నిండింది. రోడ్డు వెడల్పు చేస్తే జనం ఇంకో కారు కొంటారు, అంతే. ఊళ్లో బండ్లు కోటి దాటిపోయి చాలా కాలమైంది. రైలుకి ఆ జబ్బు లేదు. జనం పెరిగితే ఇంకో రైలు కలపొచ్చు, కొత్తగా స్థలం అడగదు.

ఎలక్ట్రానిక్ సిటీలో దిగాం. ఏసీ, ఎస్కలేటర్, మెరిసే గ్రానైటు, అన్నీ దాటి చివరి గేటు బయట అడుగు పెట్టామో లేదో ఫుట్‌పాత్ రాయి ఒకటి లేచి ఉంది. దాని పక్కన కేబుల్ గుంట, గుంట పక్కన పార్కింగ్ చేసిన స్కూటర్లు. వదిన ఆఫీసు ఇంకో కిలోమీటరున్నర. "ఇంటి నుంచి ఇక్కడికి అరగంటలో వచ్చేస్తా. ఇక్కణ్ణుంచి ఆఫీసుకి ఒక్కోసారి ఇరవై నిమిషాలు" అంది. స్టేషన్ నుంచి ఆఫీసుల వైపు తిరిగే ఫీడర్ బస్సులున్నాయి, వర్షం పడిన రోజు మాత్రం అందరికీ అదే బస్సు కావాలి. ఆవిడ ఆటోకి ఇచ్చే డబ్బులు కొన్ని రోజులు మెట్రో టికెట్‌ని మించిపోతాయట. లైను ఈ కొస నుంచి ఆ కొసకి 60 రూపాయలు. 2025 ఫిబ్రవరిలో రేట్లు పెంచాక ఊరంతా కలిపి గరిష్ఠం 90 అయింది. ఇద్దరు పిల్లలతో భార్యాభర్తలు బయటికెళితే స్కూటరే చవక అనిపించే స్థితి. ఇలా అనిపించనంత కాలమే మెట్రో గెలిచినట్టు.

మధ్యాహ్నం బసవనగుడి వైపు తిరిగి, పొద్దుపోయాక అక్కి రొట్టె తిని పడుకున్నాం.

ఆదివారం, కొచ్చి: తిండి మాత్రమే

రైలు బడలిక తీరేదాకా ఏ బండీ ఎక్కలేదు. లాడ్జి పక్క సందులో పుట్టు, కడలకూర. పుట్టు గొట్టంలోంచి తోసి ప్లేటులో పడేస్తుంటే అత్తయ్య మరో రెండు ముక్కలు చెప్పించారు. భోజనంలో గులాబీ రంగు వేడినీళ్లు పెట్టారు. పతిముఖం చెక్క వేసి కాచిన నీళ్లని సర్వరు చేతులు తిప్పి చెప్పాడు. ముతక ఎర్రబియ్యం అన్నం నాకు నచ్చింది, అత్తయ్యకు నచ్చలేదు. సాయంత్రం నేంద్రం అరటిపండు బజ్జీ, చాయ. ఇద్దరికీ నచ్చింది అదొక్కటే.

సోమవారం, కొచ్చి: నీళ్ల మీద మెట్రో

ఎర్నాకుళంలో హైకోర్టు దగ్గర వాటర్ మెట్రో టెర్మినల్ ఉంది. మెట్రో స్టేషన్లాగే గేట్లు, క్యూఆర్ టికెట్లు, ఏసీ. గేటు దాటి నడుస్తుంటే నేల మెల్లగా వాలుతుంది, ఎక్కడా మెట్టు లేదు. చివరికి నీళ్లమీద తేలే పాంటూన్ మీదకి వస్తాం. ఆటుకీ పోటుకీ నీళ్లతో పాటు పాంటూన్ లేస్తుంది, దిగుతుంది, పడవా దాంతోపాటే. కాబట్టి పడవ నేల, పాంటూన్ నేల ఎప్పుడూ ఒకే మట్టం. మా ముందు చక్రాల కుర్చీలో ఒకాయన ఎవరి సాయమూ అడక్కుండా తనే చక్రాలు తిప్పుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. అత్తయ్య అది చూసి నా చెయ్యి వదిలేశారు. ఊరు వదిలాక ఆవిడ నా చెయ్యి పట్టుకోకుండా బండెక్కింది అదే మొదటిసారి.

ఫోర్ట్ కొచ్చి వెళ్లాలని అడిగితే ఒక కుర్రాడు ఉత్సాహంగా క్యూ చూపించాడు. పడవ కదిలాక పక్కావిడ చెప్పారు, ఇది వైపిన్ పోతుందని. పోతే పోయింది. వంద మంది పట్టే పడవ. ద్వారం దగ్గర ఎక్కేవాళ్లను లెక్కపెట్టే యంత్రం ఉంది, వంద నిండితే గేటు ఇక తెరుచుకోదు. కొచ్చిన్ షిప్‌యార్డులోనే కట్టారు. బ్యాటరీ మీద ఎనిమిది నాట్ల వేగంతో పోతుంది, అంటే గంటకు పదిహేను కిలోమీటర్లు. పావుగంట చార్జింగుతో మళ్లీ సిద్ధం. డీజిల్ వాసన లేదు, ఇంజను మోత లేదు. మనుషుల మాటలు, నీళ్ల చప్పుడు, ఎవరో పాప ఏడుపు స్పష్టంగా వినబడుతున్నాయి. 2023 ఏప్రిల్‌లో ఈ హైకోర్టు–వైపిన్ దారితోనే సర్వీసు మొదలైంది. అప్పుడు పెట్టిన టికెట్లు 20 నుంచి 40 రూపాయలు. మొత్తం 38 టెర్మినళ్లు, 78 పడవలు, పది దీవులు కలపాలన్నది ప్రణాళిక. జర్మనీ అభివృద్ధి బ్యాంకు నుంచి అప్పు తెచ్చారు.

పక్కావిడది వైపినే. గోశ్రీ వంతెనలు 2004లో వచ్చేదాకా వాళ్లకు పడవ తప్ప దిక్కులేదట. వంతెనలు వచ్చాక అందరూ బస్సులకి, బండ్లకి మారారు. ఇప్పుడు వంతెన మీద ట్రాఫిక్ తట్టుకోలేక మళ్లీ పడవకొచ్చానంది. "పాత పడవలో చీర తడిసేది, ఇందులో తడవదు. టికెట్ మాత్రం ఎక్కువ." హిందీ, ఇంగ్లీషు, సైగలు కలిపి చెప్పిన మాటలు ఇవి.

వైపిన్‌లో దిగితే ఎదురుగా ఫోర్ట్ కొచ్చి కనబడుతూనే ఉంది. మధ్యలో రోరో ఉంది: కార్లు, బైకులు, లారీలు, మనుషులు అందరినీ ఎక్కించుకుని అవతలి ఒడ్డుకి చేర్చే బల్లకట్టు లాంటి పెద్ద పడవ. మనిషికి కొద్ది రూపాయలే. బైకుల వాళ్లు ఇంజను ఆపకముందే పడవ ముందు పలక లేచింది. అవతల పలక నేలకు ఆనకముందే హారన్లు. చైనా వలల పక్కన చేపలు కొంటున్న వాళ్లను చూస్తూ, నిమ్మకాయ సోడా తాగి, సాయంత్రం కావాలనే పాత పడవలో తిరిగొచ్చాం. రాష్ట్ర జలరవాణా శాఖ పడవలు ఎర్నాకుళానికి పది రూపాయల లోపు టికెట్టుతో తీసుకెళతాయి. ఇందులో పడవకీ గట్టుకీ మధ్య జానెడు సందు ఉంటుంది. అది కూడా ఊగుతూ ఉంటుంది. ఖాకీ చొక్కా ఆయన చెయ్యి చాపి, "అమ్మా" అని ఒకే పట్టుతో అత్తయ్యను లోపలికి లాగేశాడు. లోపల స్కూలు పిల్లలు, చేపల గంపలు, కూలి పని ముగించుకున్న వాళ్లు. వాటర్ మెట్రోలో సెల్ఫీలు తీసుకునే వాళ్లం ఎక్కువ, ఇందులో ఇంటికెళ్లే వాళ్లు ఎక్కువ. కొత్తది వచ్చిందని పాతది ఆపెయ్యకుండా రెండూ నడుపుతున్నారు, ఆ తెలివి నాకు బాగా నచ్చింది.

మంగళవారం, కొచ్చి: వైట్టిల నుంచి కాక్కనాడ్

వైట్టిలలో బస్టాండు, మెట్రో స్టేషన్, పడవల టెర్మినల్ ఒకే ఆవరణలో ఉన్నాయి. బస్సు దిగి పడవెక్కడానికి పెద్ద రోడ్డు దాటక్కర్లేదు. మెజెస్టిక్ సబ్‌వే గుర్తొచ్చి అత్తయ్య గట్టిగా ఊపిరి తీసుకున్నారు.

ఇక్కణ్ణుంచి కాక్కనాడ్ పోయే పడవ కాలువ దారిలో వెళుతుంది. రెండు పక్కలా కొబ్బరి చెట్లు, మధ్యమధ్య నీళ్లమీద గుర్రపుడెక్క గుంపులు. మన బందరు కాలువలోదే, ఇక్కడా వదల్లేదు. కాక్కనాడ్‌లో దిగిన కుర్రాళ్ల మెడల్లో ఐటీ కంపెనీల ట్యాగులు. టెర్మినల్ బయటే చిన్న కరెంటు బస్సు సిద్ధంగా ఉంది, ఇన్ఫోపార్కుకి. 2025 జనవరిలో మెట్రో వాళ్లే ఇలాంటి ఫీడర్ బస్సులు మొదలుపెట్టారు. పడవ దిగిన వాళ్లు బస్సెక్కే దాకా డ్రైవరు ఆగాడు. బెంగళూరులో మా వదినకు దొరకని కిలోమీటరున్నర ఇక్కడ దొరికింది.

అలాగని కొచ్చి అంతా ఇలా లేదు. తిరుగు ప్రయాణం ప్రైవేటు సిటీ బస్సులో. ఎక్కీ ఎక్కకముందే కండక్టరు తాడు లాగి రెండు గంటలు కొట్టాడు, బస్సు దూకింది. అత్తయ్య ఎవరి ఒళ్లోనో కూలబడ్డారు. ఆ ఒళ్లావిడ నవ్వి, సీటు ఇచ్చి లేచింది. వెనక ఇంకో బస్సు వస్తోంది, దానికన్నా ముందు స్టాపుకి చేరితేనే కలెక్షన్. ఒకే రోడ్డు మీద బస్సుకీ బస్సుకీ పందెం పెట్టే ఏర్పాటు ఉన్నంత కాలం డ్రైవర్ని తిట్టి లాభం లేదు. బస్సులు, మెట్రో, పడవలు అన్నింటికీ ఒకే పెద్ద ఉండాలని కేరళ 2019లో చట్టం చేసి, కొచ్చికి ప్రత్యేక రవాణా అథారిటీని పెట్టింది. ఆ పెద్దరికం ఈ తాడు గంట దాకా ఇంకా రాలేదు.

మెట్రోలో ఇంకో సంగతి. 2017లో కొచ్చి మెట్రో మొదలైనప్పుడు ట్రాన్స్‌జెండర్లకు ఉద్యోగాలిచ్చారని దేశమంతా మెచ్చుకుంది. వాళ్లలో కొందరు అద్దె ఇళ్లు దొరక్క మానేశారని అప్పుడే పత్రికలు రాశాయి. మేం ఎక్కిన స్టేషన్లో టికెట్లు ఇచ్చింది, ఊడ్చింది అంతా కుటుంబశ్రీ ఆడవాళ్లే. మన డ్వాక్రా సంఘాల లాంటివి. అత్తయ్య వాళ్లతో మాట్లాడుతూ రెండు రైళ్లు వదిలేశారు.

గురువారం, చెన్నై: పాత రైలు, గులాబీ బస్సు

అత్తయ్య నాన్నగారు మద్రాసులో లా చదివారు. ట్రాములెక్కి మైలాపూరు వెళ్లేవాళ్లమని చెప్పేవారట. మద్రాసులో కరెంటు ట్రాములు 1895లో వచ్చాయి, 1953 ఏప్రిల్‌లో తీసేశారు. పట్టాలు పీకేసిన ఊరు ఇప్పుడు రెండో దశ మెట్రో కింద 118 కిలోమీటర్ల పైన కొత్త పట్టాలు వేస్తోంది, 63,246 కోట్లతో. ఊరంతా తవ్వకాలే. ఎక్కడ చూసినా నీలం రేకులు, మలుపు తిరిగిన చోట మళ్లీ మలుపు.

మైలాపూరులో పొంగల్, వడ, డికాక్షన్ కాఫీ అయ్యాక తిరుమయిలై స్టేషన్ నుంచి తిరువాన్మియూరుకి ఎమ్మార్టీఎస్ రైలెక్కాం, అంటే వంతెన మీద నడిచే రైల్వే వాళ్ల లోకల్ రైలు. టికెట్ అయిదు రూపాయలు, ఈ ప్రయాణంలో అన్నింటికన్నా చవక. స్టేషన్ మాత్రం మూడు కల్యాణ మండపాలు పట్టేంత పెద్దది, మనుషులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈ లైను 1995లో మొదలై 2007కి వేళచ్చేరి చేరింది. అక్కణ్ణుంచి సెయింట్ థామస్ మౌంట్ దాకా అయిదు కిలోమీటర్ల పని భూసేకరణ తగాదాల్లో పదిహేనేళ్లకు పైగా నానింది. దారిలో ఒక స్టేషన్లో (పేరెందుకులే) ఎస్కలేటర్ ఆగి ఉంది. ఆగిపోయిన ఎస్కలేటర్ మెట్లు మామూలు మెట్ల కన్నా ఎత్తు. ఒక్కో అంతస్తుకీ అత్తయ్య ఆగి, గోడకి ఆనుకుని, ఏమీ మాట్లాడలేదు. మెట్లు ఎక్కించి ఎక్కించి చివరికి ఇచ్చే రైలు ఖాళీగా పోతుంటే జనం రావట్లేదని రాస్తారు. మా పెట్టెలో ఒక కాలేజీ అమ్మాయి ఒళ్లో డ్రాఫ్టర్ పెట్టుకుని, రైలు ఆగినప్పుడల్లా ఒక గీత గీస్తూ, కదలగానే పెన్సిల్ ఎత్తేస్తూ రికార్డు పూర్తి చేస్తోంది.

పిన్ని ఇంట్లో (అత్తయ్య స్నేహితురాలు నాకు పిన్నే) పనిచేసే ఆమె కన్నగి నగర్ నుంచి వస్తుంది. ఊరి నడిబొడ్డున కాలవగట్ల మీదున్న గుడిసెలు తీసేసి జనాన్ని తీసుకెళ్లి పెట్టిన కాలనీ అది, ఊరికి దక్షిణం కొసన. ఇల్లు ఇచ్చారు, పని మాత్రం పాత చోటే ఉండిపోయింది. తమిళనాడులో 2021 మే నుంచి ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం. జనం గుర్తుపట్టేలా వాటి ముందు వెనకలకు గులాబీ రంగు వేశారు. "రోజుకి రానూ పోనూ నలభై మిగుల్తోంది" అంది ఆమె, పిన్ని తెలుగులో చెప్పింది. "అంతకుముందు ఒక ఇల్లే చేసేదాన్ని. బస్సుకి డబ్బులక్కర్లేదు కాబట్టి ఇప్పుడు మూడిళ్లు." నష్టాలు నష్టాలని రాసేవాళ్లు ఈ రెండిళ్ల జీతం ఏ పద్దు కింద రాస్తారో.

సాయంత్రం గులాబీ బస్సులో అత్తయ్య మళ్లీ ఆధార్ తీయబోయారు. కండక్టరు చూడనైనా చూడకుండా రెండు జీరో టికెట్లు చింపి చేతిలో పెట్టాడు. "అడ్రస్ అడగలేదే!" అని ఆవిడ ఇంటిదాకా ఆనందపడ్డారు.

శుక్రవారం, చెన్నై: వంగిన బస్సు

పిన్ని ఫోనులో చెన్నై వన్ యాప్ ఉంది. బస్సు, మెట్రో, లోకల్ రైలు, మూడింటికీ కలిపి ఒకే క్యూఆర్. 2025 సెప్టెంబరులో వచ్చింది. డెబ్బై దాటినావిడ అది తీసి కండక్టరుకి చూపించే తీరు చూస్తే మా ఆయన సిగ్గుపడాలి.

అసలు చెప్పాల్సింది బస్సు గురించి. మామూలు బస్సు నేల రోడ్డుకి దాదాపు మూడడుగుల ఎత్తు. మూడు మెట్లు, మొదటిది అన్నింటికన్నా ఎత్తు. మేం ఎక్కబోయిన నీలం బస్సు ఆగగానే బుస్సుమని గాలి వదిలి, ఎడమ పక్కకి ఒరిగింది. అత్తయ్య భయపడి వెనక్కి అడుగేశారు. టైరు పేలిందనుకున్నారు. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి "ఏరుంగమ్మా" అన్నాడు. లోపల మెట్లే లేవు. లో ఫ్లోర్ బస్సు నేల నలభై సెంటీమీటర్లే, వంగినప్పుడు ఇంకాస్త కిందికి. ఆవిడ కుడికాలు పెట్టారు, ఎడమకాలు పెట్టారు, అంతే, బస్సులో ఉన్నారు. బస్సు లేచి మామూలుగా నిలబడింది.

ఇవి ఊరికే రాలేదు. అందరూ ఎక్కగలిగే బస్సులే కొనాలని వికలాంగుల హక్కుల కోసం పోరాడేవాళ్లు మద్రాసు హైకోర్టులో ఏళ్ల తరబడి కొట్లాడారు. ఖర్చెక్కువని, రోడ్లు బాగాలేవని, గతుకుల్లో కింద తగులుతాయని ప్రభుత్వం చెబుతూ వచ్చింది. చివరికి 2024 ఆగస్టులో మొదటి విడత రోడ్డెక్కాయి. మేం తిరిగిన రోడ్డు మీద గతుకులున్నాయి, బస్సూ నడిచింది. మెట్రో కిలోమీటరుకి వందల కోట్లు పెట్టేవాళ్లకు ఇది ఖర్చెక్కువ అనిపించడం నాకైతే అర్థం కాలేదు.

అత్తయ్య ఒక స్టాపులో దిగి, ఊరికే, ఇంకోసారి ఎక్కాలన్నారు. దిగాం. తరవాత వచ్చింది పాత బస్సు. ఇంకా తరవాతిదీ పాతదే. వంగే బస్సులు ఊళ్లో కొద్దివే. ఎండ ఎక్కుతోంది, నాకు ఆకలి. మూడోది నీలం బస్సు. ఎక్కాం.

ఖర్చు, ఆ తరవాత

రైలు టికెట్లు, లాడ్జి వదిలేస్తే, ఊళ్లలో తిరగడానికి ఇద్దరికీ కలిపి రెండు వేలు కూడా కాలేదు. అందులో ఎక్కువ భాగం ఆటోలకి పోయింది, అదీ స్టేషన్ గేటు నుంచి ఇంటి గుమ్మం దాకా. తిండికి దానికి మూడింతలయింది, ఆ వివరాలు మా ఆయనకు చెప్పలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఒక మాట: ఏ స్టేషన్లో ఏ గేటు దగ్గర లిఫ్టు ఉందో ముందే సెక్యూరిటీని అడగండి. టికెట్ కౌంటరు వాళ్లకన్నా వాళ్లకే బాగా తెలుసు. రెండు గేట్లలో ఒకదానికే ఉంటుంది, మనం దిగేది తప్పకుండా రెండోదే అయి ఉంటుంది.

విజయవాడలో దిగాక అత్తయ్య సత్యనారాయణపురం మీదుగా బీఆర్‌టీఎస్ రోడ్డు వెంట ఇంటికి పోనిమ్మన్నారు. పాత రైలు పట్టాల స్థలంలో, మధ్యలో బస్సుల కోసమే దారి వదిలి వేసిన రోడ్డు అది. అనుకున్నట్టు బస్సులు తిరగనే లేదు. మెట్రో వచ్చేలోగా ఇక్కడ బస్సులు తిప్పడానికి ఎంత అవుతుందని ఆటో అబ్బాయిని అడిగారు. "బస్సులు తిప్పితే మేమేం తినాలి మామ్మా?" అన్నాడు. ఆ ప్రశ్నకీ ఆవిడ దగ్గర గౌరవం ఉంది. స్టేషన్ నుంచి ఇంటిదాకా తిప్పు, ఎవరొద్దన్నారు అన్నారు.

పీఎం ఈ-బస్ సేవ అనే కేంద్ర పథకం కింద మన ఊరికీ కరెంటు బస్సులు కేటాయించారు. వాటి నేల రోడ్డు నుంచి ఎన్ని సెంటీమీటర్ల ఎత్తుంటుందో తెలపగలరని ఆవిడ తెల్ల కాగితం మీద ఆర్టీఐ దరఖాస్తు రాశారు. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, నిన్న నాతో స్పీడ్ పోస్టు చేయించారు. ముప్పై రోజులు గడువు. రెండో పేజీలో, వంగే ఏర్పాటు లేకపోతే ఎందుకు లేదో కారణాలు విడివిడిగా రాయవలెను అని కూడా చేర్చారు, పక్కన మార్కులు వేసేందుకు మార్జిన్ వదిలి.